నిప్పును నిద్రపుచ్చు తల్లి

పిల్లలకు మతమును ఎట్లు అందింపవలెను? ఈ ప్రశ్న ప్రతి తరమునందును తల్లిదండ్రులకు ఎదురగుచున్నది. చిన్ననాటనే గ్రంథములు చదివింపవలెనని కొందరందురు. పెద్దవారైన పిదప వారే తెలిసికొందురు గనుక అంతవరకు ఏమియు చెప్పరాదని మరికొందరందురు. కాని పసివాని మనస్సు ఈ వాదము తేలువరకు వేచియుండదు. తల్లి దీపము వెలిగించునపుడు వాడు ఆమె ముఖమును చూచుచునే యుండును. తండ్రి భోజనమునకు ముందు క్షణకాలము మౌనము వహించినచో ఆ మౌనము వాని లోనికి పోవును. విసుగుకొనినచో ఆ విసుగును అట్లే పోవును. మాట అర్థము కాకమునుపే నడవడి అర్థమగుట శైశవ స్వభావము. కావున పిల్లలకు మతము నేర్పవలెనా వద్దా యని ఆలోచించుటకు ముందు, మన యింట వారు ప్రతిదినము నేర్చుకొనుచున్న దేమియో గమనించుట మేలు.

ఈ విషయమును చక్కగా తెలుపు దృష్టాంత మొకటి ఐరోపా ఖండమున, బాల్టిక్ సముద్రతీరమునందలి లిథువేనియా దేశమున కలదు. అచ్చట కొన్ని కుటుంబములు క్రైస్తవమునకు పూర్వపు దేవతలను కొలుచుచు, ఆ విశ్వాసమును తమ బిడ్డలకు అందించుటకు ప్రయత్నించుచున్నవి. లోకము వారిని 'పేగన్'లని పిలుచును. లాటిన్ భాషనుండి వచ్చిన ఈ మాటకు పల్లెటూరివాడని ప్రాతయర్థము. క్రైస్తవము నగరములందు వ్యాపించిన కాలమున, పూర్వదేవతలను విడువనివారికి ఆ పేరు నిందగా అంటుకొనెను. హిందువు లను పేరును మనకు సింధునదికి ఆవలివారు పెట్టినదే గదా! నేడు ఐరోపాలో పలువురు ఆ నిందాపదమునే గౌరవముతో స్వీకరించిరి. లిథువేనియాలోని అట్టివారి సమాజమునకు 'రొమువా' యని పేరు.

ఐరోపా రాజ్యములలో కడపట క్రైస్తవమును స్వీకరించినది లిథువేనియా. 1387లో యోగాయిలా ప్రభువు ప్రజలకు జ్ఞానస్నానము చేయించెను. అప్పుడు విల్నియస్ నగరమందలి పవిత్రాగ్ని ఆర్పబడెననియు, దేవతావనములు నరకబడెననియు పదునైదవ శతాబ్దపు చరిత్రకారుడైన యాన్ ద్లుగోష్ వ్రాసెను. వనము పోయెను, పురోహితుడు పోయెను. ఇక ఆ మతము ముగిసినదనియే ఎవరికైనను తోచును. కాని 160 సంవత్సరములు గడచిన పిదప, 1547లో, లిథువేనియా భాషలో మొట్టమొదటి గ్రంథము అచ్చుపడెను. అది మార్తీనస్ మజ్వీదస్ అను క్రైస్తవ బోధకుడు సిద్ధపరచిన ప్రశ్నోత్తర గ్రంథము. ఇంటి దేవతలను, పొలము దేవతలను విడిచిపెట్టుడని అందు ఆయన ప్రజలను హెచ్చరించెను. విడువుడని చెప్పవలసి వచ్చినదనగా వారింకను విడువలేదనియే గదా అర్థము!

ఎందువలన విడువలేదు? ప్రభువు ఆర్పించినది నగరమందలి అగ్నిని. పల్లెలోని పొయ్యి ఎవరి ఆజ్ఞవలనను ఆరలేదు. ఆ పొయ్యిలోని నిప్పును లిథువేనియా స్త్రీలు 'గబియా' యని పిలిచిరి. రాత్రి పనులు ముగిసిన పిదప ఇల్లాలు నిప్పుకణికెలను ఒకచోటికి చేర్చి, వానిపై బూడిద కప్పి, కదలక నిద్రింపుమని, ఇంటిని కాపాడుమని మెల్లగా ప్రార్థించెడిది. గబియా కడుగుకొనుటకై ప్రక్కనే శుభ్రమైన నీరుంచు ఆచారమును కలదు. నిప్పును కాలితో త్రొక్కరాదు, అందులో ఉమ్మివేయరాదు. ఉప్పు దానికి అర్పణము. బిడ్డను నిద్రపుచ్చిన తల్లియే అదే మృదుత్వముతో నిప్పును నిద్రపుచ్చుచుండగా, కన్నులు మూతలుపడుచున్న ఆ బిడ్డకు వేరొక ఉపదేశ మెందులకు? ప్రాణమిచ్చునది పూజ్యమని వాడు ఆ చేతులను చూచియే గ్రహించెను.

రొట్టె విషయమున కూడ ఇట్టి మర్యాద కలదు. రొట్టెముక్క నేలపై పడినచో దానిని తీసి ముద్దిడుట లిథువేనియావారి పూర్వాచారము. పుస్తకమునకు కాలు తగిలినచో కన్నుల కద్దుకొను తెలుగు బాలునకు దీని భావమును వివరింప నక్కరలేదు.

మరియొక విశేషము. లిథువేనియా భాషయు సంస్కృతమును ఒకే భాషాకుటుంబమునకు చెందినవి. దేవుని వారు 'దియెవస్' అందురు. అగ్నిని 'ఉగ్నిస్' అందురు. కుమారుని 'సూనుస్' అందురు. దేవ, అగ్ని, సూను శబ్దములు ఎరిగినవారికి ఈ మాటలు వినగనే ఆత్మీయత కలుగుట సహజము. అయినను దీనినిబట్టి వారి మతము మన మతమునుండి చీలిన శాఖయని భావించుట పొరపాటు. దూరపు బంధువుల ఇంటికి పోయినవారు ఆ యింటి మర్యాదను గౌరవింపవలెను గాని, ఆ యిల్లు తమదే యనరాదు.

డిసెంబరు 24వ తేదీ రాత్రి జరుగు 'కూచియోస్' అను విందు లిథువేనియా గృహజీవనమున మిక్కిలి పవిత్రమైనది. ఆకసమున మొదటి నక్షత్రము కనబడువరకు పిల్లలు ఎదురుచూతురు. బల్లపై ఎండుగడ్డి పరచి, దానిపై తెల్లని గుడ్డ వేయుదురు. మాంసము లేని పండ్రెండు వంటకములు వడ్డింతురు. ఆ సంవత్సరము ఇంటిలో ఎవరైన గతించియున్నచో వారి కొరకు ఒక స్థానము విడిచి, పళ్లెము నుంచి, దీపము వెలిగింతురు. భోజనానంతరము పదార్థములను రాత్రియంతయు బల్లపైననే యుంతురు. పూర్వికుల ఆత్మలు వచ్చి స్వీకరించునని నమ్మకము. తాతగారు లేని ఆ తొలియేట ఖాళీపళ్లెమును చూచిన మనుమడు మరణమునుగూర్చి తెలిసికొనున దేమి? పోయినవారు మరువబడరనియు, ఇంటి బల్ల బ్రతికియున్న వారికి మాత్రమే చెందినది కాదనియు తెలిసికొనును. ఇంత గంభీరమైన పాఠము వానికి ఒక పళ్లెమువలన లభించుచున్నది.

సోవియట్ పాలనలో బహిరంగముగా పండుగలు చేసికొనుట కష్టమైన దినములలో సయితము కుటుంబములు తలుపులు మూసికొని ఈ విందును నిలుపుకొనెను. ఆ కాలముననే, 1967లో, యోనాస్ త్రింకూనాస్ మొదలగు యువకులు కెర్నవే యను ప్రాచీన స్థలమున వేసవి సంక్రాంతి పండుగను పునరుద్ధరించిరి. ప్రభుత్వము వారి ప్రయత్నమును కొలదికాలముననే అణచివేసెను. దేశము స్వతంత్రమైన పిదప, 1992లో, రొమువా మతసమాజముగా నమోదయ్యెను. 2011 జనాభా లెక్కలలో 5,118 మంది తాము ప్రాచీన బాల్టిక్ మతస్థులమని చెప్పుకొనిరి. 2019లో ఆ దేశపు శాసనసభ ఈ సమాజమునకు రాజ్యగుర్తింపు నిరాకరింపగా, అది వివక్షయని 2021 జూన్ 8న ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము తీర్పు చెప్పెను. తుదకు 2024 డిసెంబరులో శాసనసభ గుర్తింపు నొసగెను. అట్టి గుర్తింపు పొందిన సమాజమువారు ప్రభుత్వ పాఠశాలలలో తమ మతమును బోధింపవచ్చునని అచ్చటి చట్టము.

ఇది న్యాయమైన విజయమే. అయినను తల్లిదండ్రులు ఒక విషయము మరువరాదు. ఆరు శతాబ్దములు ఏ చట్టమును, ఏ పాఠశాలయు లేకయే నిలిచిన ఆచారము, నేడు చట్టమును పాఠశాలయు ఉన్నవను ధీమాతో ఇంటిలో జారిపోవచ్చును. గురువు గబియా పేరు చెప్పగలడు. గబియాను నిద్రపుచ్చు తల్లి ముఖమును చూపలేడు.

ఈ తల్లిదండ్రుల మార్గమున మూడు పరీక్షలు కలవు. మొదటిది సత్యపరీక్ష. నేటివారిలో పెక్కుమందికి ఈ ఆచారములన్నియు తల్లివలన రాలేదు. కొన్ని పల్లెలలోని వృద్ధస్త్రీల పాటలనుండియు, కొన్ని జానపద సంపుటములనుండియు ఏరుకొన్నవి. కొన్ని తాముగా కూర్చుకొన్నవి. ఇందు దోషము లేదు. దోషమెల్ల, నిన్న కూర్చినదానిని వేలయేండ్ల నాటిదని బిడ్డకు చెప్పుటలో కలదు. "ఇది మీ ముత్తవ్వ చేసినది, ఇది మేము చదివి తెలిసికొన్నది, ఇది మేము క్రొత్తగా చేర్చుకొన్నది" అని తల్లి విడమరచి చెప్పినచో బిడ్డ మూటిని ప్రేమించును. పదునైదేండ్ల వయస్సున వాడు ఒక్క అసత్యమును కనిపెట్టినచో, దానితోపాటు సత్యమైన వానిని కూడ పారవైచును.

రెండవది ప్రేమపరీక్ష; ఇది మరింత కఠినమైనది. రొమువా కుటుంబమునందలి బిడ్డకు నాయనమ్మయో అమ్మమ్మయో కథోలిక విశ్వాసము గలదై యుండుట ఆ దేశమున సామాన్యము. కూచియోస్ రాత్రి ఆమె చర్చినుండి తెచ్చిన పవిత్రమైన పలుచని అప్పమును విరిచి అందరికి పంచును. కొడుకును కోడలును నిప్పునకు ఉప్పు సమర్పించి రొట్టె పంచుదురు. నడుమ కూర్చున్న పసివాడు ఇరువంకల చూచుచుండును. ఆ క్షణమున తండ్రి, "నీ నాయనమ్మది పరాయి మతము, మన వనములను నరికిన వారిది" అని పలికినచో, ఆ మాటలో చరిత్ర కొంత యుండవచ్చును గాని ధర్మము లేదు. పసివాని హృదయమున వాడు నాటినది పూర్వికుల భక్తి కాదు, ద్వేషము.

అంతియ కాదు, అది కృతఘ్నత కూడ. ఖాళీపళ్లెమును నేటివరకు తెచ్చినవా రెవరు? రొట్టెను ముద్దిడుటను, నిప్పునకు మ్రొక్కుటను కాపాడిన వారెవరు? ఆరువందల యేండ్లుగా జపమాల చేతబట్టి, చర్చికి పోవుచునే, రాత్రి కణికెలపై బూడిద కప్పిన ఆ నాయనమ్మలే. వారికి తమ రెండు భక్తుల నడుమ గోడ కనబడలేదు. వారు నిలుపనిచో నేడు పునరుద్ధరించుట కేమియు మిగిలియుండదు. కావున ఆ యింటి బిడ్డకు నేర్పవలసిన మొదటి పూజ నాయనమ్మ చేతి అప్పమును రెండు చేతులతో అందుకొనుట. తన మతమును ప్రేమించుటకు ఇతరుల మతమును తృణీకరింప నక్కరలేదని వాడు ఏ గ్రంథమువలనను ఇంత సులువుగా నేర్చుకొనజాలడు.

మూడవది స్వేచ్ఛాపరీక్ష. ఒకనాడు బిడ్డ తప్పక అడుగును: "అమ్మా, నిప్పు నిజముగా నిద్రించునా?" నవ్వి కొట్టివేసినచో వాని విశ్వాసము గాయపడును. అట్లడుగరాదని, గబియా కోపించి ఇల్లు కాల్చునని బెదరించినచో వాని బుద్ధి గాయపడును. "నిప్పు మనవలె నిద్రించునో లేదో నీవే పెద్దవాడవై ఆలోచింతువు గాని, మనలను వెచ్చగా నుంచినదానిని గౌరవముతో కప్పిపెట్టుట మన ధర్మము" అని చెప్పిన తల్లి ఆచారమును నిలుపును, తలుపును తెరచియుంచును. తైత్తిరీయోపనిషత్తునందలి వరుణుడు ఇట్టి తండ్రియే. కుమారుడైన భృగువు అన్నమే బ్రహ్మమని తెలిసికొని తిరిగివచ్చినపుడు ఆయన పరిహసింపలేదు, అదియే తుదియనియు చెప్పలేదు. మరల తపస్సు చేయుమనెను. అన్నమునుండి ఆనందమువరకు కుమారుడు తానే నడచిపోయెను. చిన్ననాటి అర్థము పెద్దతనమున ఎదుగుటకు చోటిచ్చిన ఆచారమే జీవించును. ఎదిగినపిదప బిడ్డ వేరొక మార్గమున పోయినను, ఆ యింటి బల్లవద్ద వానికొక స్థాన ముండవలెను. గతించినవారికి పళ్లెముంచు ఇల్లు బ్రతికియున్న కుమారునకు పళ్లెము తీసివేయుట ఎట్లు?

ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు. ఇతర రాష్ట్రములందును, సముద్రములకు ఆవలను బిడ్డలను పెంచుచున్న తెలుగు తల్లులకు ఇదే ప్రశ్న ఎదురగుచున్నది. కట్టెలపొయ్యి లేదు, తులసికోట లేదు, అమ్మమ్మ దగ్గర లేదు. తనకు మంత్రములు రావని తల్లి దిగులు చెందును. లిథువేనియా పల్లె స్త్రీకి చదువు కూడ రాదు. ఆమెకు తెలిసినది ఒక్క పని. దానిని ఆమె ప్రతిరాత్రియు మనస్సుపెట్టి చేసెను. తెలియని పదింటిని ప్రదర్శించుటకంటె తెలిసిన ఒక్కదానిని శ్రద్ధతో చేయుట మేలు. సాయంకాలమున ఒక్క దీపము, భోజనమునకు ముందు ఒక్క నమస్కారము, గతించిన పెద్దలనుగూర్చి ఒక్క మంచిమాట, ఇవి ఎంత చిన్న ఇంటిలోనైనను ఇముడును.

ఆ దీపము వెలిగించునపుడు బిడ్డను పిలువనక్కరలేదు. తల్లి తొందరలేక, మనసార వెలిగించినచో చాలును. వాడు ఆటనుండి తల యెత్తి చూచును.