యా ఊరమ్మా మీది?

డబ్బిచ్చి తిన్న తిండికి ఋణం ఉంటుందా? ఈ మాట మావారిని అడిగితే, చేతిలోని పేపరు దించకుండానే, "బిల్లు కట్టాక ఇంకా ఋణమేమిటి? టిప్పు కూడా ఇచ్చాం కదా!" అన్నారు. బ్యాంకులో పనిచేసే మనిషి. ఆయన లెక్కలో ఆ ఖాతా ముగిసిపోయింది. నా లెక్కలో ముగియలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు వైపు ఒక పాత చైనా హోటలుంది. పార్క్‌లేన్‌లోని నాన్‌కింగ్‌లా పేరు మోసిందేమీ కాదు. పేరు చెప్పినా మీలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్పను. పట్టపగలు కూడా లోపల మసక చీకటి. ఎర్ర కాయితపు లాంతర్లు, వాటి మీద ఏళ్ళ తరబడి దుమ్ము. ఎత్తు వీపుల బెంచీలు, ఫ్యామిలీ గదులకి మాసిన కర్టెన్లు, మూలగా గాజుతొట్టిలో బద్ధకంగా తిరిగే రెండు చేపలు. బల్ల మీద వెనిగరులో తేలే పచ్చిమిరపకాయ ముక్కలు. ప్లేటు అంచున నీలం రంగు డ్రాగన్, ఎన్ని వేలసార్లు కడిగారో ఏమో, తోక అరిగిపోయింది. 2003లో, పెళ్ళయిన కొత్తలో, మావారు నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది అక్కడికే. ఆ తర్వాత జీతాలు పెరిగినా, పిల్లలు పుట్టినా, పుట్టినరోజంటే అక్కడే.

మనం అక్కడ తినేదంతా చైనా తిండేనా అంటే, నవ్వొస్తుంది. మంచూరియా అన్న ప్రాంతం చైనాకి ఈశాన్యాన ఉంది గానీ, అక్కడివాళ్ళకి మన మంచూరియా తెలియదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, సోయాసాస్, కార్న్‌ఫ్లోర్ కలిపి దాన్ని పుట్టించాడని చెబుతారు. మసాలా తీసేసి సోయా పోశాడన్నమాట. ఇక అమెరికన్ చాప్‌సూయీ సంగతి పేరులోనే ఉంది. ఇవాళ పులివెందులలోనూ ప్రొద్దుటూరులోనూ సాయంత్రమయితే బండి మీద గోబీ మంచూరియా మంటలెగరేస్తూ వేయిస్తుంటే, కాలేజీ పిల్లలు చుట్టూ మూగుతున్నారు. ఆ వంటకి అమ్మమ్మ వరసయ్యే మనుషులు మాత్రం మన కళ్ళకి కనబడరు.

మా అత్తగారిది కడప జిల్లా సింహాద్రిపురం. చీనీతోట ఉంది. కోస్తావాళ్ళూ తెలంగాణావాళ్ళూ బత్తాయి అనే దాన్నే మా వైపు చీనీ అంటారు. వానల్లేని ఏడు ట్యాంకర్లతో నీళ్ళు తోలి ఆ చెట్లని బతికించుకున్న మనిషి ఆవిడ. పిల్లలకి జ్వరమొస్తే మందు వేశామా లేదా అని ఒకసారి అడిగితే, చెట్ల సంగతి నాలుగుసార్లు చెబుతారు. 2009 సెప్టెంబరులో మా ఇంటికి వచ్చినప్పుడు గోనెసంచి నిండా కాయలు తెచ్చారు. ఆ ఆదివారం మావారు సరదాపడి ఆవిణ్ణి ఆ హోటలుకి బయల్దేరదీశారు. నేను వద్దన్నాను. సంగటి తినే మనిషికి నూడుల్స్ ఏమిటని పైకి అన్నాను గానీ, అసలు సంగతి వేరే. ఆవిడ ఎక్కడికి వెళ్ళినా మనుషుల్ని ఆరాలు తీస్తారు. నాకు తలవంపులుగా ఉంటుంది.

స్వీట్‌కార్న్ సూపు రెండు చెంచాలు తాగి, "ఇదేందమ్మీ, జబ్బు పడినోళ్ళకు పోసే గంజి మాదిరి ఉండాదే" అన్నారు. మళ్ళీ తనే, "బాగుండాదిలే" అని గిన్నె ఖాళీ చేశారు. వెళ్ళేటప్పుడు మావారు డబ్బు కడుతుంటే, నేను అనుకున్నంతా అయింది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దావిడ ముందుకెళ్ళి నిలబడి, "యా ఊరమ్మా మీది?" అన్నారు.

నేను చెయ్యి పట్టుకుని లాగబోతుంటే ఆవిడ నిదానంగా, తెలుగులో, "ఈ ఊరేనమ్మా. ఇక్కడే పుట్టిన. మా నాయన కలకత్తా నుంచి వచ్చిండు" అంది.

నేను నిలబడిపోయాను. ఆరేళ్ళుగా ఆవిడతో నేను ఇంగ్లీషులో మాట్లాడుతున్నాను. "థాంక్యూ", "వెరీ నైస్", అంతే. ఆవిడకి తెలుగొచ్చని నాకు తెలియదు. కథలు రాసేదాన్ని, మనుషుల్ని గమనిస్తానని ఇంటర్వ్యూల్లో చెప్పుకునేదాన్ని!

ఆ తర్వాత జరిగింది ఇంకా ఉంది. అత్తగారు చేతిసంచిలోంచి రెండు కాయలు తీసి బల్ల మీద పెట్టి, "చీనీ, చీనీ" అన్నారు. ఆ మొహం ఒక్కసారిగా రాయి అయిపోయింది. సికింద్రాబాద్ వీధుల్లో చిన్నప్పట్నుంచీ వెనక నుంచి ఆ మాట ఎన్నిసార్లు విన్నదో మరి. అత్తగారికి ఏమీ అర్థం కాలేదు. నేను గబగబా, "బత్తాయిలండీ! మా వైపు బత్తాయిని చీనీ అంటాం" అన్నాను. ఆవిడ కాయవంక చూసింది, మా అత్తగారివంక చూసింది, చీరకొంగు లేదు గనక చేత్తోనే నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఎంతసేపు నవ్విందో! ఆ నవ్వుకి వంటింట్లోంచి ఇద్దరు బయటికొచ్చారు.

ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందో తర్వాత తీరిగ్గా చదివాను. పంపరపనసా కమలా కలిసి పుట్టిన సంతానమట ఈ తియ్యనారింజ. పుట్టిల్లు దక్షిణ చైనా వైపు. డచ్చివాళ్ళు కూడా నారింజని 'చైనా ఆపిల్' అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. మా అత్తగారి తోటలో ఉన్న చెట్టుకి ఆధార్ కార్డు అడిగేవాళ్ళు లేరు గనక సరిపోయింది.

మనుషుల్ని అడిగారు. 1962 అక్టోబరు 20న యుద్ధం మొదలయ్యాక, అస్సాంలోనూ బెంగాల్లోనూ ఉన్న చైనా సంతతివాళ్ళని దాదాపు మూడు వేలమందిని పట్టి, రైళ్ళెక్కించి, రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో పెట్టారు. ముసలివాళ్ళూ పసిపిల్లలూ, ఇక్కడే పుట్టి ఇక్కడి భాష తప్ప మరోటి రానివాళ్ళూ కూడా అందులో ఉన్నారు. యుద్ధం నెలరోజుల్లో ఆగిపోయింది. కొందరు మాత్రం 1967 దాకా అక్కడే ఉన్నారు. తిరిగొచ్చేసరికి ఇళ్ళూ దుకాణాలూ చాలామందికి లేవు. అస్సామీ రచయిత్రి రీటా చౌధురి 2010లో 'మాకామ్' అని నవల రాసేదాకా దేశంలో నాలాంటివాళ్ళకి ఇదంతా తెలియనే తెలియదు. తెలిసిన రోజున నాకు మొదట తట్టింది శిబిరం కాదు. ఆ రైళ్ళు కదిలినప్పుడు వీధిలో నిలబడి చూసిన పక్కింటివాళ్ళు. వాళ్ళు ఏమనుకుని ఉంటారా అని.

అది తెలుసుకునే అవకాశం నాకు 2020లో వచ్చింది.

ఆ ఏడు జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు 20 మంది పోయారు. వాళ్ళకి నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్‌బాబుది మన సూర్యాపేట. టీవీలో ఆ చిన్నపిల్లల్నీ, ఆ తల్లినీ చూసి ఏడవనివాళ్ళు మా అపార్ట్‌మెంటులో లేరు. నేనూ ఏడ్చాను. ఆ దుఃఖం నిజం. దాన్ని వేళాకోళం చెయ్యటానికి నాకు నోరు రాదు. ఆ రాత్రి మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో, ఇకమీద ఆ చైనా హోటలు నుంచి ఎవరూ తెప్పించుకోకూడదు, అదే మనం చెయ్యగల దేశసేవ అని పెట్టారు. కిందంతా చప్పట్లు. నేను, "వాళ్ళు ఇక్కడే పుట్టినవాళ్ళండీ" అని టైపు చేశాను. రెండుసార్లు చదువుకున్నాను. తుడిచేశాను. పూర్తిగా ఊరుకుంటే బాగుండదేమోనని రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను. ఎవరికి నమస్కారమో నాకే తెలియదు.

పదిహేడేళ్ళు ఆ చేతి వంట తిన్నదాన్ని!

"నువ్వొక్కదానివి అంటే మాత్రం ఏం ఒరిగేది?" అన్నారు మావారు. ఆయన వాదంలో పస లేదనను. డబ్బుదగ్గర తెగిపోయే సంబంధంలో ఒక సుఖముంది. మా వైపు "యా ఊరు మీది?" అన్న ప్రశ్న తర్వాత వచ్చేది "మీరేమిటోళ్ళు?" అన్న ప్రశ్న. ఒకప్పుడు హోటళ్ళకి కూడా కులం పేర్లతో బోర్డులుండేవి. ఎవరనేది అడక్కుండా, పైసలిచ్చినవాడికల్లా ఒకే ప్లేటులో పెట్టే హోటలు వచ్చాక ఎంతమంది తలెత్తుకుని కూర్చోగలిగారో! ఆ చైనా హోటలు చీకట్లో నేనూ ఒంటరిగా కూర్చుని నవల్లో అధ్యాయాలు దిద్దుకున్నాను, ఎవరి భార్యవని ఎవరూ అడగలేదు. అడక్కపోవటం మర్యాదే. కాదనను.

కానీ ఆడవాళ్ళం కదా, వండి పెట్టటమంటే ఏమిటో మనకి తెలుసు. ఇంట్లో తిన్నవాళ్ళు కంచం తీసి కుళాయి కింద పడేసి వెళ్ళిపోతే, 'ఇంటికి సరుకులు తెస్తున్నాం కదా' అంటే, మనకెలా ఉంటుంది? తెచ్చిన సరుకులకి ఖర్చు లెక్క సరిపోతుంది. మనిషి మటుకు లెక్కలో రాలేదు. నేను మర్యాద అనుకున్నది పదిహేడేళ్ళలో ఎప్పుడు బద్ధకంగా మారిందో, ఆ బద్ధకం ఆ రాత్రికి ఎలా పిరికితనమయిందో, నాకు సరిగ్గా గీత గీసి చెప్పటం చేతకాదు. నేను ఆవిణ్ణి ఎప్పుడైనా ఏదైనా అడిగి ఉంటే, ఆ వాక్యం తుడవటానికి నా వేలు అంత తేలిగ్గా కదిలేది కాదని మాత్రం తెలుసు. మా అత్తగారయితే తుడిచేవారు కాదు. ఆవిడకి టైపు చెయ్యటం రాదనుకోండి, అది వేరే సంగతి.

మళ్ళీ వెళ్ళటానికి నాకు ఏడాది పైనే పట్టింది. కరోనా అని ఒక సాకు దొరికింది. 2021 సెప్టెంబరులో ఊరినుంచి కాయలొచ్చాయి. ప్రతి ఏడూ లాగే అత్తగారు ఫోను చేసి, "ఆ యమ్మకు ఇచ్చినావా?" అని అడిగారు. పోయినేడు ఇవ్వలేదని చెప్పలేక సంచి పట్టుకుని వెళ్ళాను. లాంతర్లు అవే, చేపలు మారాయి. గల్లాపెట్టె పక్కన ఒక చిన్న కాయితం జెండా, ఆగస్టు పదిహేనుకి పిల్లలకి పంచేది, గ్లాసులో నిలబెట్టి ఉంది. ఇంతకుముందెప్పుడూ చూడలేదు. మా ఇంట్లో అలాంటిది నేనెప్పుడూ పెట్టుకోలేదు. పెట్టుకోవలసిన పని పడలేదు.

"అమ్మ బాగున్నదా? మీ దిక్కు వానలు పడ్డయా?" అంది ఆవిడ. నా చేతిలో సంచి చూడకముందే.

వాట్సాప్ సంగతి చెప్పేద్దామనుకున్నాను. చెప్పి క్షమాపణ అడిగితే నా బరువు దిగుతుంది గానీ, ఆవిడకి కొత్తగా ఒక బరువు ఎక్కుతుంది కదా అని ఆగిపోయాను. ఇప్పటికీ అది సరైన ఆలోచనో, పిరికితనానికి మరో ముసుగో తేల్చుకోలేకపోతున్నాను. మీరయితే ఏం చేసేవారో?

చెప్పటానికి బదులు, "మీ నాయనగారిది చైనాలో ఏ ఊరండీ?" అని అడిగాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత. ఆవిడ ఒక నిమిషం నావంక చూసి, "మొయ్‌యెన్" అంది. వాళ్ళ హక్కా భాషలో అలాగంటారట. నాకు సరిగ్గా పలకటం రాలేదు. మూడుసార్లు అనిపించింది. తను అక్కడికి ఎప్పుడూ పోలేదట. బిల్లు కాయితం తిరగేసి, వాళ్ళ నాన్న నేర్పిన ఆ రెండక్షరాలూ మెల్లిగా రాసి నా చేతికిచ్చింది. నూడుల్స్‌కి డబ్బు తీసుకుంది, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి అత్తగారికి ఫోను చేశాను. కాయలు ఇచ్చాననీ, ఆవిడ వాళ్ళ నాన్నగారి ఊరు మొయ్‌యెన్ అనీ చెప్పాను.

"మొయ్యేనా? అదే మండలంమ్మీ?" అన్నారు.