లేమి కూడా కంటికి కనిపిస్తుంది

కరీంనగర్ పల్లెల్లో మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. మోదుగాకు విస్తరిలో అన్నం, పోయినవారికి ఇష్టమైన కూర, అలవాటుంటే ఓ బీడీ, కాసింత కల్లు. పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి రాకపోతే కూతురు రెండడుగులు ముందుకు వేసి, "బాపూ, తమ్ముని పెండ్లి మేం చేస్తం, నువ్వు రంది పెట్టుకోకు" అంటుంది. అప్పుడు కాకి వాలితే గుంపంతా ఊపిరి వదలడం నేను చాలాసార్లు విన్నాను. ఎన్ని ఓదార్పు మాటలకూ సడలని దుఃఖం ఆ రెక్కల చప్పుడుకు కొంత సడలుతుంది.

శోకం మనసుకు సంబంధించిందనుకుంటాం గాని, ముందుగా తగిలేది కంటికి, చెవికి. వాకిట్లో ఖాళీగా ఉన్న నులకమంచం దారినపోయేవారికి ఉత్త మంచమే. ఆ ఇంటి ఇల్లాలికి మాత్రం దాని మీద ఆయన లేకపోవడమే కనిపిస్తుంది. మన తార్కికులు ఈ సంగతి మీద శతాబ్దాల పాటు వాదించుకున్నారు. 'తర్కసంగ్రహం' రాసిన అన్నంభట్టు తెలుగువాడు. ఆయన లెక్కించిన ఏడు పదార్థాలలో చివరిది అభావం, అంటే లేమి. నేల మీద కుండ లేదన్న సంగతి ఇంద్రియాలతోనే తెలుస్తుందని నైయాయికుల మాట. కాదు, అనుపలబ్ధి (తెలియరాకపోవడం) అనే వేరే ప్రమాణంతో తెలుస్తుందని భాట్ట మీమాంసకులు, అద్వైతులు అన్నారు. తగవంతా ఎలా తెలుస్తుందన్నదాని మీదే. లేమి తెలుస్తుందన్న దాంట్లో ఈ రెండు పక్షాలకూ పేచీ లేదు. అయితే అది తెలియాలంటే ఒక చోటు ఉండాలి, అక్కడ లేనిది ఎవరో ఎరిగి ఉండాలి.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ఈ చోటు దగ్గరే పెద్ద చిక్కు. దుబాయికో సౌదీకో పోయిన మనిషి ఏళ్ల తరబడి ఇంట్లో లేడు. మంచం ఎప్పుడూ ఖాళీయే, గడప దగ్గర చెప్పుల జత ఎన్నడూ లేదు. అక్కడ ప్రాణం పోయిందని కబురొచ్చాక కూడా ఇంట్లో కంటికి ఏదీ మారదు. కాగితాలన్నీ పూర్తయి శవపెట్టె శంషాబాద్ విమానాశ్రయంలో దిగేసరికి ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ భార్యకు లేమి తగిలేది సెల్‌ఫోన్‌లో. సెలవు నాడు మోగే ఫోన్ ఇక మోగదు. మోగినట్టు వినిపించి లేచి ఉరికితే, "భ్రమ, మరిచిపో" అంటాం.

అలా అనకండి. భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి తెలుసుకున్న సంగతులను వేల్స్‌లో డెవీ రీస్ అనే వైద్యుడు 1971లో ప్రకటించాడు. పోయినవారు కనిపించారనో, మాట వినిపించిందనో, దగ్గరే ఉన్నట్టు తోచిందనో దాదాపు సగం మంది చెప్పారు. వారిలో ఎక్కువమందికి అది ఊరటనిచ్చింది. అయినా చాలామంది ఆ మాట అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు.

ఇక చోటు సంగతి. ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే గోండు పల్లె మార్లవాయికి తెచ్చి సమాధి చేశారు. 1995లో లండన్‌లో ఆయన పోయాక, తర్వాతి కాలంలో ఆయన అస్థికలూ అక్కడికే చేరాయి. ఏటా జనవరి 11న గోండులు ఆ చోట కూడుతారు. గల్ఫ్ కబురు అందిన ఇంటికి అలాంటి చోటు వెంటనే దొరకదు.

పరామర్శకు వెళ్లగానే ఆత్మకు చావు లేదని గీత వినిపించడానికి మనకు తొందర. ఆ భార్య ఏం విన్నదో ముందు అడుగుదాం. శవం వచ్చేదాకా కర్మ మొదలు కాదని పెద్దలంటారు, సరే. కబురొచ్చిన రాత్రే ఆ ఫోన్ పక్కన దీపం పెట్టుకోనివ్వాలని నా మనవి. నంబరు చెరిపేయమని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పొద్దు.