పటములోని మనుష్యుడు

జనగామ ప్రాంతమున కులపురాణములను పటము గట్టి చెప్పు వాడుక చిరకాలముగా గలదు. చేర్యాలలోని నకాషీవారు ఖద్దరు గుడ్డకు సుద్ద, చింతగింజల గంజి పట్టించి, ఆరిన పిమ్మట దానిపై వరుసగా బొమ్మలు వ్రాయుదురు. పటము గజముల కొలది పొడవుండును. కథకుడు దానిని మడత వెంబడి మడత విప్పుచు, పాడుచు, తెల్లవార్లు కథ నడుపును. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణమును, గౌడసెట్టివారు గౌడులకు గౌడపురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును చెప్పుదురు. చేర్యాల 2016లో సిద్ధిపేట జిల్లాలో చేరినది గాని, అంతకుముందు అది వరంగల్లు జిల్లాలోనిదే. జనగామతో దాని పొత్తు కచేరీ కాగితములతో తెగునది కాదు.

ఈ యేర్పాటున మాకు మిక్కిలి విలువైనదిగా దోచునది బొమ్మల సొగసు గాదు. ఎవరి కథ పటమున నున్నదో వారే పటమునకెదుట గూర్చుందురు. కథకుడు తప్పినచో సభలోనుండి యొక వృద్ధుడు లేచి దిద్దగలడు. గింజలు కొలుచువారు వారే, మెచ్చువారు వారే, రుసరుసలాడువారును వారే. చెప్పువాడు చెప్పబడువారికి జవాబుదారి. నేడు యంత్రము చేబట్టి తండాలకును, గూడెములకును పోవువారికిని, కలము చేబట్టి పోవు మావంటి వారికిని ఈ జవాబుదారీతనము కలదా యన్నదియే మా ప్రశ్న.

లోకపు టంచున నున్న మనుష్యులను గలిసికొని, వారి బ్రతుకును చిత్రముగా దీసి, పిదప ఆ కలయికనే జ్ఞాపకముల గ్రంథముగా వ్రాసిన తొలివారిలో రాబర్ట్ ఫ్లాహర్టీ యొకడు. కెనడా యుత్తరమున మంచునేలలయందలి ఇన్యూట్ జాతివారిని గూర్చి యతడు తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' 1922లో వెలువడెను. 'మై ఎస్కిమో ఫ్రెండ్స్' అను గ్రంథము 1924లో వచ్చెను. కథానాయకుని నిజనామము నానూక్ కాదు, అల్లకారియల్లక్. అప్పటికే తుపాకి యెరిగినవారి చేత ఫ్లాహర్టీ పాతకాలపు ఈటె పట్టించెను. వెలుతురు చాలదని మంచుగుడిసె కొకప్రక్క గోడ లేకుండ కట్టించి, ఆ చలిలో కుటుంబమును నిద్ర నటింపజేసెను. చిత్రము దేశదేశముల నాడుచుండగా, రెండేండ్లకే యా వేటగాడు మరణించెను. అయినను ఫ్లాహర్టీ పక్షమున నొకమాట చెప్పక తప్పదు: తీసిన తునకలను అక్కడనే కడిగి, అక్కడివారికే తెరపై జూపెను. చేర్యాల పటము నీతిలో సగమైన నతడు పాటించెనన్నమాట.

మన సీమలో నిట్టివాడు హైమండార్ఫ్. 1909లో వియన్నాలో జన్మించి, రెండవ ప్రపంచయుద్ధమున శత్రుదేశీయుడని హైదరాబాదు సంస్థానము దాటిపోరాని స్థితిలో చెంచుల నడుమ, కొండరెడ్ల నడుమ, గోండుల నడుమ దిరిగెను. వ్రాసెను, ఛాయాచిత్రములు తీసెను, చలనచిత్రములును దీసెను. 1990లో ఆత్మకథ ప్రకటించెను. కాని యతడు చూచి పోయినవాడు గాడు. గోండులకు భూమి పట్టాలు దక్కుటకును, మార్లవాయిలో బడి వెలయుటకును పాటుపడెను. 1987లో గతించిన యతని భార్య బెట్టీ సమాధి ఆ మార్లవాయిలోనే యున్నది. ఆ చిత్రముల భాండారము మాత్రము లండనులో నున్నది. పట్టా గూడెమునకు, పటము లండనునకు! ఈ రెంటిలో మొదటిదానిని బట్టి రెండవదానిని మన్నింపవచ్చునని మా యభిప్రాయము.

పరులను గూర్చి యింత నిష్కర్షగా జెప్పు మేము మా తప్పును దాచుట యుచితము గాదు. మహబూబాబాదులో పాఠములు చెప్పుచుండిన కాలమున మా తరగతిలో నొక తండా పిల్లవా డుండెను. వాని తల్లి, కొడుకు పుస్తకములకై తన వెండికడియములను కుదువబెట్టిన సంగతి మాతో నొకనాడు చెప్పినది. మా హృదయము కరగినది. దానిని వ్యాసముగా వ్రాసి యొక పత్రికకు బంపితిమి. పేరు వ్రాయలేదు గదా యని నిశ్చింతగా నుంటిమి. ప్రశంసాపూర్వకమైన ఉత్తరములు వచ్చినవి, సంతోషించితిమి. ఆ తండానుండి ఆ తరగతిలో జదువువాడు వాడొక్కడే యన్న సంగతి మాకు స్ఫురింపనే లేదు. ఆ కడియములు అత్త పెట్టినవి. కుదువ సంగతి యామె యెరుగదు. పిల్లవాడు బడికి రాడయ్యెను. నాలుగవ దినమున తల్లి వచ్చి వాకిట నిలిచి, "సారూ, కడియాల ముచ్చట నీతోని చెప్పిన, ఊరుతోని చెప్పలే" అన్నది. అంతకంటె నొక్కమాటయు ననలేదు. పిల్లవాడు నెల దినములకు వచ్చినాడు గాని, ముందు బల్ల విడిచి కడపటి బల్లకు బోయినాడు.

అట్లయిన నోరు మూసికొని యుండవలెనా? సంఘసంస్కారము గోరువారు దైన్యమును లోకమునకు జూపకున్న దిద్దుబా టెట్లు గలుగునని చదువరు లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖు నెదిరించి పంట నిలుపుకొన్న గాథ నలుగురికి దెలియవలసినదే. 1986లో స్త్రీశక్తి సంఘటనవారు వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'యందు తెలంగాణ పోరాటపు స్త్రీలు తమ కథను తమ నోటనే చెప్పుకొన్నారు. ఐలమ్మయు వారిలో గలదు. అది పదిమందిలో జెప్పుటకే దాచుకొన్న మాట. కడియముల మాట గుమ్మము లోపల జెప్పినది. రెండును దుఃఖములే యైనను, రెంటిని ఒక సంచిలో వేసికొని వచ్చితిమి. అదియే మా యపరాధము.

అనుమతి యడిగిన జాలునా యనిన, అదియు జాలదనుకొందుము. భూపాలపల్లి యడవులలో గుత్తికోయల గుడిసెలు గలవు. 2005లో ఛత్తీసుగఢమున సల్వాజుడుం మొదలైన పిదప, అక్కడి పోరులో నిలువలేక సరిహద్దు దాటి వచ్చిన కుటుంబములు వారిలో ననేకము. 2006 నాటి యటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటికే యా నేలను సాగుచేయుచున్నవారికి హక్కిచ్చును. పిమ్మట వచ్చినవారికి లేదు. అట్టి గుడిసెను జాలిగొని తీసిన ఛాయాచిత్రము, తేదీతో, చోటు పేరుతో నచ్చుపడినచో, అది పాఠకునికి కరుణ, అధికారికి సాక్ష్యము. "తీసికో" యని నవ్వుచు నిలుచున్న గృహస్థునకు ఈ రెండవ సంగతి తెలియదు. తెలిసినవారము మనము.

రెండేండ్లుగా మా యొద్ద ఆ ప్రాంతపు గూడెమును గూర్చి వ్రాసిన నోటుపుస్తక మొకటి యున్నది, ఇంతవరకు నచ్చునకీయలేదు. కోయభాష వచ్చిన మా పూర్వవిద్యార్థి యొకడు వేసవి సెలవులలో తోడు వచ్చి, దానిని వారికి జదివి వినిపింప నంగీకరించినాడు. అందులో మూడు పుటలను వారు తీసివేయు మందురని మాకిప్పుడే తోచుచున్నది. మేము మిక్కిలి శ్రద్ధతో వ్రాసినవి ఆ మూడే.