ఒకే రాత్రి, రెండు ఆజ్ఞలు
ధ్యాన భాగము: నిర్గమకాండము 12వ అధ్యాయము



పస్కా రాత్రికొరకు దేవుడు ఇశ్రాయేలీయులకు రెండు ఆజ్ఞలిచ్చెను. తెల్లవారువరకు ఎవరును ఇంటి గడప దాటకూడదు, ఇది ఒకటి. అయితే లోపలనున్నవారు ప్రయాణమునకు సిద్ధపడి, కాళ్ల చెప్పులతోను చేతికఱ్ఱతోను భోజనము చేయవలెను, ఇది రెండవది. ఇంట నిలుచుటయు, బయలుదేర సిద్ధముగా నుండుటయు రెండును విశ్వాసపు క్రియలే.

1977 నవంబరు 19న దివిసీమమీదికి సముద్రము పొంగి వచ్చెను. వేలమంది ప్రాణములు పోయెను. నేడు తుఫాను వచ్చుటకు కొన్ని దినముల ముందే మనకు హెచ్చరిక అందుచున్నది. అది విని కూడ చేతులు కట్టుకొని, "దేవుడే చూచుకొనును" అనుట విశ్వాసము కాదు, ప్రభువును శోధించుటయే.

అధికారులు ఇల్లు విడువుమనినయెడల వెంటనే విడువుడి. పూరిపాకలోను పల్లపు నేలలోను ఉన్నవారు అసలే ఆలస్యము చేయరాదు. ఇంటికొక సంచి ముందుగానే కట్టియుంచుడి, నడచుచు మోయగలిగినంతే. అందులో త్రాగునీరు, అటుకులు, వాడుకమందులు, టార్చిలైటు, కొంత సొమ్ము, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన రేషను కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము ఉండవలెను. పశువుల పలుపులు విప్పి, పగటివేళనే బయలుదేరుడి. మరచిన పెట్టెకొరకు వెనుకకు పోకుడి. లోతు భార్య సంగతి మనకు తెలిసినదే.

మెరకమీద గట్టి ఇల్లు ఉండి, నిలువవచ్చునని అధికారులు చెప్పినయెడల, మనిషికి దినమునకు 4 లీటర్ల నీరు మూతగల పాత్రలలో పట్టియుంచుడి. ఐదుగురికి మూడు దినములకు 60 లీటర్లు కావలెను. పొయ్యి రాజకపోయినను తినదగిన మరమరాలు, వేయించిన సెనగలు, బెల్లము దాచుడి. పెనుగాలి అకస్మాత్తుగా ఆగినను తలుపు తీయకుడి. అది తుఫాను కన్ను కావచ్చును. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి మరల కొట్టును.

ఇంకొక మాట. అదే అధ్యాయము 4వ వచనమును చూడుడి. చిన్న కుటుంబము తన పొరుగువానితో కలిసి గొఱ్ఱెపిల్లను తీసికొనవలెనని దేవుడు చెప్పెను. సిద్ధపాటు లెక్కలోనే పొరుగువాడును ఉన్నాడు. మీ వీధి చివర ఒంటరిగానున్న విధవరాలి వంతు నీరు ఎవరి బిందెలో నున్నది? మంచము దిగలేని తాతను ఎవరు మోయుదురు? గాలి లేచిన తరువాత ఈ ప్రశ్న అడిగి ప్రయోజనము లేదు. ఈ ఆదివారము ఆరాధన ముగిసినప్పుడే, ఎవరికి ఎవరు తోడో సంఘముగా నిర్ణయించుకొనుడి.

ఎవరిని విడిచిపెట్టి మనము ఒడ్డు చేరితిమో వారినిగూర్చి ప్రభువు మనలను అడుగును. ఆ దినమున తలవంచుకొనకుండునట్లు ఆయన మనకు కృప దయచేయును గాక. ఆమేన్.