విప్పవలసిన కుట్టు, విడువవలసిన కుట్టు

పసిబిడ్డకు బొంత కుట్టుట లోకములో గొప్పపనులలో లెక్కింపబడదు. నాలుగు పాతచీరలు, ఒక సూది, కొంత దారము, మధ్యాహ్నమున దొరకు కొలదిపాటి తీరిక, ఇవి యున్న చాలును. అయినను ఈ చిన్నపనిలో ఒక పెద్దప్రశ్న యిమిడియున్నది. మనము చేసిన పనిలో తప్పు కనబడినప్పుడు దానిని విప్పి మరల చేయవలెనా? లేక దానిని అట్లే యుంచి ముందునకు సాగవలెనా? ఏ తప్పు విప్పదగినది, ఏది విడువదగినది? దీనిని నిర్ణయించుటకు కొలబద్ద యేది?

క్రొత్తగా సూది పట్టినవారు సామాన్యముగా రెండుదారులలో నొకదానిని త్రొక్కుదురు. కొందరు వరుస కొంచెము వంకరపోయినంతనే యంతయు విప్పుదురు. మరల కుట్టుదురు, మరల విప్పుదురు. తుదకు గుడ్డ చిల్లులుపడి, మనసు విరిగి, పనిని మూటగట్టి యటుకపై పెట్టుదురు. మఱికొందరు తప్పును మడతలోనికి త్రోసి, దానిపై నొక పూవు కుట్టి, ఎవరును చూడకున్న చాలునని తృప్తిపడుదురు. మొదటివారికి తప్పు అవమానము. రెండవవారికి తప్పు రహస్యము. ఆ బొంతను వాడబోవు బిడ్డను మాత్రము ఇరువురును మఱచినారు.

ఈ ప్రశ్నను విచారించుటకు తంగళ్ళపల్లి మిక్కిలి తగినచోటు. మానేరునకు ఒకయొడ్డున సిరిసిల్ల, వేఱొక యొడ్డున తంగళ్ళపల్లి. 2016వ సంవత్సరము అక్టోబరువఱకు కరీంనగరము జిల్లాలో నుండిన ఈ యూళ్ళు నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనివి. వేలకొలది మరమగ్గముల చప్పుడు నడుమ బ్రదుకు ఈ ప్రాంతమున గుడ్డ యనగా అంగడిలో కొను వస్తువు మాత్రమే కాదు. అనేక కుటుంబములకు అదియే కూడు. గుడ్డలో పుట్టు తప్పును గూర్చిన యొక వివేకము ఇచ్చటి వృత్తిలోనే యున్నది. దానిని మనము బొంతకును, బొంతనుండి బ్రదుకునకును తెచ్చుకొనవచ్చును.

మగ్గముపై నిలువుగా సాగునది పడుగు. అడ్డముగా పోవునది పేక. పేకలో ఒకచోట పోగు తెగినను, పలుచబడినను ఆ లోపము ఆ చోటనే నిలిచిపోవును. తరువాతి పోగు సరిగా పడినచో గుడ్డ మరల సరియగును. పడుగుపోగు తెగినచో అట్లు కాదు. మగ్గము నడచినంతసేపు ఆ సందు గుడ్డ పొడవునను సాగుచునే యుండును. కావున పడుగుపోగు తెగినదని చూచినతోడనే నేర్పరియైన పనివాడు మగ్గము నాపును, పోగును అతుకును, దానిచోటున మరల ఎక్కించును, పిమ్మటనే నడపును. ఆగిన కొలదిసేపును అతడు నష్టమని తలపడు. ఆగకుండుటయే నష్టమని యతనికి తెలియును.

మనుష్యుల తప్పులలోను ఈ రెండుజాతులు కలవు. పుట్టినచోటనే నిలిచిపోవు తప్పులు పేకతప్పులు. విడిచినకొలది సాగి పరులకు తగులు తప్పులు పడుగుతప్పులు. మొదటివానిని చూచి నేర్చుకొని ముందునకు సాగవచ్చును. రెండవవానికొఱకు మగ్గము నాపక తప్పదు.

ఈ కొలబద్దతో పసిబిడ్డ బొంతను పరీక్షింతము. కుట్లు ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా పడినవి. వరుస వంకరపోయినది. నాలుగు ముక్కలు కలియుచోట మూలలు సరిగా కూడలేదు. ఎఱుపుముక్క ప్రక్కన పసుపుముక్క రావలసియుండగా మఱల ఎఱుపే వచ్చినది. ఇవన్నియు పేకతప్పులు. వీనివలన బిడ్డకు చలి యెక్కువకాదు, నిద్ర తక్కువకాదు. అమెరికాదేశములో అలబామారాష్ట్రమందలి గీస్ బెండ్ అను పల్లెలో నీగ్రోజాతి స్త్రీలు తరతరములుగా పాత పనిబట్టలతో బొంతలు కుట్టుచు వచ్చిరి. వాని గీతలు తిన్ననివి కావు. చతురములు సమానములు కావు. ఆ బొంతలనే 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలో గోడలకు వ్రేలాడదీసి జనులు అచ్చెరువుతో చూచిరి. వంకరగీత దానంతటది దోషము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇక పడుగుతప్పులు వేఱు. వీనిలో మొదటిది సూదిని ముట్టకమునుపే జరుగును. అది గుడ్డను ఎన్నుకొనుటలోని తప్పు. పూర్వము పాతచీర యనగా నూలుచీరయే. పలుమాఱు ఉతుకబడి మెత్తనై, చెమటను పీల్చుకొను గుణము గలది కాబట్టియే పెద్దలు పొత్తిళ్ళకు పాతబట్టను కోరిరి. నేడు సిరిసిల్ల మగ్గములపై నూలుగుడ్డతోపాటు పాలిస్టరుగుడ్డయు విరివిగా నేయబడుచున్నది. 2017 మొదలుకొని కొన్నియేండ్లు రాష్ట్రప్రభుత్వము పంచిన బతుకమ్మచీరలు పెక్కులు ఇచ్చటనే నేయబడినవి. వానిలో పాలిస్టరు విశేషముగా నుండెను. ఇట్టి చీర ఎంత పాతదైనను నీటిని పీల్చదు. నిప్పు తగిలినచో కరగి చర్మమునకు అంటుకొనును. కావున ‘పాతచీర’ యను మాటను పట్టుకొని కారణమును విడుచుట ఆచారమును పాటించుట కాదు, మఱచుట. ఒక నీటిబొట్టు వేసిచూడుడు. పాత నూలుగుడ్డ వెంటనే పీల్చును. ఒక పోగు తీసి కాల్చిచూడుడు. నూలు బూడిదయగును, పాలిస్టరు గట్టి పూసవలె ముద్దకట్టును. కుట్టుట ప్రారంభించిన పిమ్మట ఈ తప్పు తెలిసినచో ఆ ముక్క ఎంత యందమైనదైనను విప్పి తీసివేయవలసినదే.

రెండవది ఉతుకని క్రొత్తగుడ్డను పాతగుడ్డతో చేర్చి కుట్టుట. క్రొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో గజమునకు ఒకటి రెండంగుళములు కుంచించుకొనుట కద్దు. అప్పుడు దానితో చేరిన పాతగుడ్డ ముడుతలుపడి లాగుకొనును. రంగు కాఱినచో అంతటికిని అంటును. ముందుగా ఉతికి ఆరవేసిన ఒక్కదినముతో ఈ బాధ తప్పును.

మూడవది అంచునకు మిక్కిలి దగ్గరగా కుట్టుట. పావు అంగుళమునకు తక్కువగా విడిచినచో పోగులు జారి అతుకు విచ్చిపోవును. అరిగిన చీరయైనచో అర అంగుళమైనను విడువవలెను. ఇచ్చట పాతకుట్టును విప్పనక్కఱలేదు. దానికి లోపలివైపున వేఱొక వరుస కుట్టిన చాలును. దిద్దుట యనగా ఎల్లప్పుడును విప్పుటయే కాదని క్రొత్తవారు గ్రహింపవలెను. పొడవైన కుట్లలో బిడ్డ వ్రేలు చిక్కుకొనునని తోచినచో వానిని తీయక, నడుమనడుమ మఱికొన్ని కుట్లు వేయవచ్చును.

నాలుగవది పొరలను కచ్చాకుట్టుతో కలుపకమునుపే పక్కాకుట్టునకు దిగుట. అప్పుడు అడుగుపొర ఒకప్రక్కకు జరిగి గడ్డలుకట్టును. దీనికి అంతయు విప్పవలదు. గడ్డకట్టినచోట మాత్రమే విప్పి, నడుమనుండి అంచులవైపునకు అఱచేతితో సరిచేసి, కచ్చాకుట్టు వేసి, మరల కుట్టవలెను.

తుదిది అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె అపాయకరమైనది. పైకి వచ్చిన దారపుముడి లేతచర్మమును ఒరయును. కత్తిరింపక విడిచిన దారము కాలివ్రేలికి చుట్టుకొని రక్తమును ఆపివేయగలదు. అందమునకై కుట్టిన గుండీయు పూసయు ఊడి నోటిలోనికి పోగలవు. గుండుసూది లోపల మిగిలియుండగలదు. ముడులను నడిమిపొరలోనికి లాగవలెను. దారపుకొనలను కత్తిరింపవలెను. సూదులను పనికి మునుపును, పని ముగిసిన పిమ్మటను లెక్కింపవలెను. లెక్క తప్పినచో బొంతపై అయస్కాంతమును త్రిప్పవలెను. అప్పటికిని దొరకనిచో, నెలదినముల శ్రమయైనను విప్పక తీరదు. ఇచ్చట ‘పోనిమ్ము’ అను మాటకు తావులేదు.

ఇంత స్పష్టమైన విషయమున మనము తలక్రిందుగా నడచుట కేమి కారణము? మనయందు పలువురు వంకరవరుసను విప్పుదురు, ముడిని విడుతురు. ఏలయనగా వంకరవరుస చుట్టములకు కనబడును. ముడి బిడ్డకు మాత్రమే తెలియును. పుట్టకమునుపు కుట్టరాదను నమ్మకము కొన్ని యిండ్లలో నేటికిని కలదు. కావున బొంత పుట్టుకకును 21వ నాటి పురుడునకును నడుమ తొందరలో సిద్ధము కావలెను. ఆనాడు వచ్చు నలుగురు పైభాగమును చూచి మెచ్చుకొందురు. అడుగుభాగము బిడ్డది. బిడ్డ యేడ్చునే గాని కారణము చెప్పజాలదు. మాటాడలేనివాని బాధకంటె మాటాడువాని నవ్వునకు ఎక్కువగా జడియుట బొంతకుట్టుటలో మాత్రమే కనబడు దోషమా? మన వివాహములలో, మన చదువులలో, మన యూరి వ్యవహారములలో ఈ దోషమే లేదా?

దీనికి ఒక యాక్షేపణ కలదు. కనబడు తప్పులను క్షమించినచో పిల్లలు అశ్రద్ధను నేర్తురనియు, చక్కదనముగూడ ధర్మమేయనియు కొందరందురు. చక్కదనము ధర్మమే. కాని దానిని సాధించు మార్గమేది? విప్పినప్పుడెల్ల సూదిచిల్లులు మిగులును, పాతగుడ్డ చివుకును. ఒక వరుసను పదిమాఱులు విప్పినవాని చేతికంటె పదివరుసలు కుట్టినవాని చేతికే నేర్పు శీఘ్రముగా వచ్చును. మొదటివరుసలోని వంకరను పదవవరుసలో దిద్దుకొనుట అశ్రద్ధ కాదు, అభ్యాసము.

దీనికి ఎదురైన మఱియొక యాక్షేపణయు కలదు. మన అవ్వలు ఇట్టి లెక్కలేమియు లేకయే కుట్టిరి, మనము బ్రదుకలేదా యని యడుగుదురు. బ్రదికినవారే యీ ప్రశ్న వేయగలరు, బ్రదుకనివారు వేయజాలరు. పుట్టిన మొదటి సంవత్సరమున బిడ్డను వెల్లకిల పరుండబెట్టవలెననియు, నిద్రించుచోట వదులు బొంతలు, దిండ్లు ఉంచరాదనియు, అవి ముఖమునకు అడ్డుపడి ఊపిరి ఆడకుండ చేయవచ్చుననియు వైద్యులు నేడు చెప్పుచున్నారు. వెల్లకిల పరుండబెట్టుడను ప్రచారము అమెరికాలో 1994లో ప్రారంభమైన పిమ్మట నిద్రలో కారణము తెలియక సంభవించు శిశుమరణములు అచ్చట మిక్కిలి తగ్గినవి. కావున బొంత కప్పుటకు కాదు. మెలకువగా నున్నప్పుడు, పెద్దలు చూచుచుండగా, నేలపై పఱచి ఆడించుటకు అది తగినది. ఏడాది నిండి బిడ్డ పెరిగిన పిమ్మట కప్పుకొనును.

ఇచ్చటనే అసలు పరీక్ష యున్నది. ప్రేమతో కుట్టిన బొంతను బిడ్డకు కప్పవలదని కోడలు చెప్పినప్పుడు అత్తగారి మనసు నొచ్చును. ఒక్క వరుసను విప్పుట సులభము. ‘నేను ప్రేమతో చేసితిని గనుక ఇది మేలే చేయును’ అను నమ్మకమును విప్పుట కష్టము. ప్రేమ తప్పును మాన్పు మందు కాదు. తప్పును వెదకుటకు కావలసిన ఓపిక మాత్రమే. ఆ యోపిక చూపని ప్రేమ తన్నుతాను ప్రేమించుకొనుచున్నదని చెప్పవలెను.

తప్పును చూపువారికిని ఒక ధర్మము కలదు. ‘నీ పుట్టింట ఇదియేనా నేర్పినది?’ యని నలుగురిలో నవ్విన యింటిలో కోడలు కుట్టు నేర్చుకొనదు, దాచుట నేర్చుకొనును. సూది లెక్క తప్పినదని భయపడక చెప్పగలిగిన యింటిలోనే బిడ్డ క్షేమముగా నుండును. దాచబడిన సూదికి కోడలి చేయి ఎంత కారణమో అత్తగారి నాలుకయు అంతే కారణము. ఇది అత్తకోడండ్ర విషయము మాత్రమే కాదు. దర్జీ దుకాణములలో మిషనుల ముందు కూర్చుండువారు అనేకులు పురుషులే. అయినను ఇంటిలో బిడ్డ బొంత మాత్రము ఆడవారి పనియట! 1937లో వార్ధాలో గాంధీగారి యధ్యక్షతను జరిగిన విద్యాసభ చేతిపనియే చదువునకు కేంద్రముగా నుండవలెనని తీర్మానించినది. అది బాలికలకు మాత్రమే కాదు. తండ్రియు ఒక వరుస కుట్టినచో, విప్పినచో, బిడ్డకు తగులునది తన తప్పుగూడ కావచ్చునని యతనికిని తెలియును.

కాబట్టి బొంత ముగిసిన పిమ్మట దానిని పైకెత్తి వెలుతురులో చూచుకొని మురియుట చాలదు. తిరుగవేసి, చెంపను దానిపై నానించి, అడుగుభాగమంతయు తడవి చూడవలెను. చెంపకు గ్రుచ్చుకొనునది యెంత చిన్నదైనను విప్పవలెను. కంటికి మాత్రమే గ్రుచ్చుకొనునది యెంత పెద్దదైనను విడువవచ్చును. మనము చేసిన పనిని అనుభవింపబోవు నోరులేనివారి స్థానమున నిలిచి తడవి చూచుటయే అన్ని తప్పులకును కొలబద్ద.