యాత్రా సంకల్పము

యాత్రకు బోవువాడు ముందుగా వ్రాసికొనిన కాగితమును చూచినచో, చూడబోవు దేశమును గూర్చి కొంచెమును, ఆ మనుష్యుని గూర్చి విశేషముగను తెలియును. ఏ యూరికెన్ని గంటలు, ఎవరి కోరికకెంత చోటు, అలసటకెంత విరామము అని అతడు చేసిన పంపకములో అతని ధర్మాధర్మ వివేచన యంతయు నిమిడియుండును. అట్టి కాగితమొకటి యీ నడుమ మా చేతికి వచ్చినది. ఆలోచించిన కొలదిని, ఇది యొక కుటుంబపు సెలవుదినముల సంగతి మాత్రమే కాదనియు, తీఱికయు ధనమును కొంత చేకూరిన మన గృహములన్నిటి సంగతియనియు తోచినది.

మాయొద్ద చదువుకొనిన విద్యార్థి యొకడు జర్మనీ దేశమున మ్యూనిచ్ నగరములో ఇంజనీరుగా నున్నాడు. రాబోవు సెప్టెంబరు మాసములో 14 దినముల సెలవు పెట్టి, భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని, మోటారు సైకిలు మీద దక్షిణ ఐరోపాను చూచి రావలెనని అతని కోరిక. ఆల్ప్స్ పర్వతములను స్టెల్వియో కనుమలో దాటి, వెనిస్, ఫ్లారెన్సు, రోము, పాంపేయి చూచి, బ్రిండిసి రేవులో నోడనెక్కి గ్రీసు దేశమున దిగి, మెటియోరా, డెల్ఫీ, ఏథెన్సు చూచుకొని, పట్రాస్ నుండి మఱల నోడలో ఇటలీకి వచ్చి యిల్లు చేరవలెను. మొత్తము 3,500 కిలోమీటర్లు. చూడవలసిన స్థలములు 27. కాగితము చివర నిట్లు వ్రాసినాడు: "మాస్టారూ! మీరీ యూళ్ళన్నియు పుస్తకములలో చూచినవారు. ఇందులో నేను విడిచిపెట్టినది యేమైన నున్నదా?"

ఈ ప్రశ్నయే మమ్ము చిక్కులో పెట్టినది. విడిచిపెట్టినది యేదియు లేదు. అదియే దోషమని మాకు తోచినది. అయినను సముద్రము దాటి యెఱుగనివారము, ఇంటనుండి పరులకు వైరాగ్యము బోధించుట సులభమని మాకు తెలియును. దేశాటనము బుద్ధిని వికసింపజేయునని మన నీతిశాస్త్రకారులే చెప్పియున్నారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 సంవత్సరము మే మాసములో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశి సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. త్రోవలోని మజిలీలు, నీటి వసతులు, అంగళ్ళు, జనుల యాచారములు, అన్నియు నోపికతో వ్రాసిపెట్టిరి. కాని యొక్క సంగతి గమనింపవలెను. ఆయన నెమ్మదిగా పోవుట ఆయన యెన్నుకొనిన గుణము కాదు. అంతకంటె వేగముగా పోవు సాధనము నాడు లేదు. మనకట్లు కాదు. వేగము మన చేతిలోనికి వచ్చినది. కనుక నెమ్మది యిప్పుడు మన మెన్నుకొనవలసిన వస్తువైనది. ఎన్నుకొనవలసిన చోటనే ధర్మవిచారము పుట్టును.

మోటారు సైకిలును మేము నిందింపము. రైలు పెట్టెలోను, మూసిన కారులోను పోవువానికి దేశము గాజుపలక వెనుక చిత్రపటము. ఈ బండి మీద పోవువానికి కొండ చలియు, లోయ వెచ్చదనమును, వానకు తడిసిన మన్ను వాసనయు శరీరమునకే తెలియును. త్రోవలో నచ్చిన చోట నిలుపవచ్చును. కాని యీ లాభములన్నియు నిలుపువానికే గాని పరుగెత్తువానికి కావు. స్టెల్వియో కనుమ 2,757 మీటర్ల యెత్తున నున్నది. అతడెక్కదలచిన వైపున నది 48 మలుపుల దారి. ఆ మలుపులలో బండి నడుపువాని కన్ను రోడ్డును విడిచి కొండను చూడరాదు, చూచినచో ప్రాణాపాయము. అనగా నడుపునంతసేపు చూచునది వెనుక కూర్చున్నవారే. నడుపువాడు దిగినప్పుడు మాత్రమే యాత్రికుడగును. దిగుటకు తగిన కాలము కాగితములో లేనిచో, అతడు దేశమును గాక తారురోడ్డును చూచి వచ్చినవాడగును.

ఆ కాగితములో మాకు భయము కలిగించిన పంక్తి యొకటి కలదు. ఆఱవదినమున తెల్లవాఱుజామున రోము విడిచి, పాంపేయిలో రెండు గంటలుండి, రాత్రికి బ్రిండిసి చేరి యోడనెక్కవలెనట. అది సుమారు 600 కిలోమీటర్ల ప్రయాణము. క్రీ. శ. 79లో బూడిదలో పూడిపోయిన నగరపు వీథులలో, ఎండలో, బరువైన తోలుకోటు తొడుగుకొని రెండు గంటలు నడచినవాడు ఆ పిమ్మట దినమంతయు బండి నడుపవలెను. ఓడ తప్పిపోవునను ఆతురత వేఱొకటి. అలసట యొక దుర్గుణము కాదు. కాని యలసట వచ్చునని తెలిసియు దానికి చోటు వదలకుండుట దోషమే. ఏలయన, ఆ బండిమీద పోవు ప్రాణము నడుపువానిది మాత్రమే కాదు. వెనుక నొకరున్నారు, ఎదురుగా వచ్చు బండిలో, దారిదాటు బాలుని రూపమున, మనకు పేరు తెలియనివారు మఱికొందఱున్నారు.

వెనుక నున్నవారి మాట వచ్చినది గనుక నడుగుచున్నాము. 27 స్థలములలో ఆ యిల్లాలు కోరినవెన్ని? కాగితమందంతటను "మేము" అని యున్నది. ఆ "మేము"లో ఆమె పాలెంతయో తెలియలేదు. స్త్రీల చదువును, స్వాతంత్ర్యమును గూర్చి వేదికలమీద పలుకుటకు మన మెన్నడును వెనుదీయము. ఇంటి సెలవుదినముల నేర్పఱచునప్పుడు మాత్రము ఆమెను సామానుల జాబితాలోనికి చేర్చివేయుదుము. ఈ సంగతిని మేమతనికి సూటిగానే వ్రాసితిమి.

పోవువారి తరువాత, మనము పోయిచూచు నూళ్ళలో కాపురముండువారిని గూర్చి యాలోచింపవలెను. మ్యూనిచ్‌నుండి ఆల్ప్స్ దాటు దారిలో ఆస్ట్రియా దేశపు టిరోల్ రాష్ట్రము తగులును. అందు రాయిటె జిల్లాలోని కొన్ని దారులలో, 2020వ సంవత్సరమునుండి వేసవి మాసములయందు, నిలిచియున్నప్పుడు 95 డెసిబెల్లులకు మించి చప్పుడు చేయునవిగా పత్రములలో నమోదైన మోటారు సైకిళ్ళను పోనీయరు. కొండ లోయలో చప్పుడు చాల దూరము పోవును. ఒకని వినోదము పదిమంది నిద్రను చెఱుపుచుండగా ఆ జనులు ప్రభుత్వమునకు మొఱపెట్టుకొనుట న్యాయమే కదా! ఇటలీలోని పెక్కు ప్రాచీన పట్టణముల నడిబొడ్డునకు బయటివారి బండ్లను రానీయరు. కొన్ని యూళ్ళలో మోటారు సైకిళ్ళకు మినహాయింపు గలదు, కొన్నింట లేదు. మా విద్యార్థి దీనిని "ఇబ్బందులు" అను శీర్షిక క్రింద వ్రాసికొన్నాడు. ఎవరికిబ్బంది? ఆ వీథులు గుఱ్ఱములకును కాలినడకకును కట్టినవి; వానిలో నేటికిని ముసలివారు కూరగాయల సంచితో నడచుచున్నారు.

వెనిస్ సంగతి మఱియు విచారకరము. ఆ దీవి నగరమున 1951లో సుమారు 1,75,000 మంది కాపురముండిరి. 2022 నాటికి వారి సంఖ్య 50,000 కంటెను తగ్గినది. ఉద్యోగములు, ఇండ్ల వెలలు, నీటిముంపు మున్నగు కారణములు పెక్కు గలవు. కాని యిండ్లు బాటసారుల బసలై, కిరాణా దుకాణములు బొమ్మల దుకాణములై పోవుటయు వానిలో నొకటి. 2024 ఏప్రిలులో ఆ నగరమువారు రద్దీ దినములందు రాత్రి బస చేయక వచ్చిపోవువారినుండి 5 యూరోలు ప్రవేశ రుసుము వసూలు చేయ మొదలిడిరి. ఇంటికి వచ్చినవానినుండి రుసుము పుచ్చుకొను స్థితికి ఒక యూరు వచ్చినదన్నచో, అతిథులే యతిథి ధర్మమును మఱచిరన్నమాట. అతిథిని పూజింపుమని గృహస్థునకు చెప్పిన మన పెద్దలు, అతిథియైనవాడు కూడ గృహస్థుని శక్తి నెఱిగి మసలవలెననియే తలంచిరి. మా విద్యార్థి వెనిస్‌కు కేటాయించినది నాలుగు గంటలు.

ఇక ఏథెన్సు. అక్కడి కొండమీది పార్థినాన్ దేవాలయము క్రీ. పూ. 447లో మొదలిడి 432లో ముగించినది. చూడవచ్చువారి సంఖ్య మితిమీరుటచే 2023 సెప్టెంబరునుండి దినమునకు 20,000 మందికి మించకుండ, గంట గంటకు నింతమంది యని యేర్పాటు చేసిరి. 1801 మొదలు ఎల్గిన్ ప్రభువు మనుష్యులు ఆ గుడి శిల్పములు పెక్కింటిని ఊడదీసికొనిపోగా, 1816లో బ్రిటిష్ పార్లమెంటు వానిని కొన్నది. కొండ క్రింద 2009లో తెఱచిన మ్యూజియములో ఆ శిల్పముల వరుసను మునుపటి క్రమముననే యమర్చినారు. ఏథెన్సులో మిగిలిన పలకల సరసనే, లండనులో నున్నవానికి బదులుగా తెల్లని ప్లాస్టరు అచ్చులను నిలిపినారు. ఏది యింట నున్నదో, ఏది పరదేశమున నున్నదో చూచువానికి చెప్పనక్కఱలేదు. ఈ మ్యూజియమునకు కాగితములో నొక గంట యున్నది.

ఆ "ఒక గంట" చదివినప్పుడు మాకు సిగ్గు కలిగినది. కారణము చెప్పెదము. ఇరువదియేండ్ల క్రిందట మేము పాఠశాల పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోయితిమి. ఒక్క దినములో అమరావతి, ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట, ప్రకాశం బ్యారేజి, కనకదుర్గమ్మవారి గుడి: ఐదు స్థలములు. అన్నియు చూపితిమని పిల్లల తండ్రులకు చెప్పుకొనవలెనను కోరిక మాది. అమరావతి మ్యూజియములో పదుమూడేండ్ల బాలుడొకడు చెక్కడపు పలక యొద్ద నిలిచి కదలకుండెను. "మిగిలిన ఱాళ్ళెక్కడ ఉన్నవి మాస్టారూ?" అని యడిగెను. అది యెంత మంచి ప్రశ్న! 1845లో వాల్టరు ఎలియట్ దొర త్రవ్వించిన పలకలు మద్రాసుకును, 1859లో లండనునకును పోయిన కథ చెప్పుటకు పది నిముషములు చాలును. అమరావతి స్తూపము నేడు అమరావతిలో కొంత, చెన్నపట్టణమున కొంత, లండనులో కొంతగా నున్నదని చెప్పియున్నచో ఆ బాలుడు జన్మమంతయు మఱవకుండెడివాడు. మేమాతని రెక్క పట్టుకొని, "బస్సు కదలుచున్నది, పద" అంటిమి. ఆ బాలుడే యీ కాగితము వ్రాసినవాడు. చూచుటయనగా లెక్క ముగించుటయని అతనికి నేర్పినది మేమే.

"ఇంత ఖర్చుపెట్టి, ఇంత సెలవు పెట్టి పోవునది యొక్కసారియే కదా, అన్నియు చూడవలదా?" అని చదువరులడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. తీఱిక దొరకని వానికే ఆశ యెక్కువ. కాని విస్తరిలో నిరువదియేడు వంటకములు వడ్డించి, వానినన్నిటిని పది నిముషములలో ముగింపుమన్నచో, తిన్నవానికి మిగులునది రుచి కాదు. "చూచితిమి" అనుట వేఱు, చూచుట వేఱు. మొదటిదానికి సాక్ష్యముగా ఛాయాచిత్రము చాలును. రెండవదానికి సాక్ష్యము చూచినవానిలో వచ్చిన మార్పు; అది వచ్చుటకు వ్యవధి కావలెను. డెల్ఫీలో అపోలో దేవుని గుడియందు "నిన్ను నీవెఱుగుము", "ఏదియు మితిమీరవలదు" అను రెండు సూక్తులు చెక్కియుండిరని ప్రాచీన గ్రంథకర్తలు చెప్పుదురు. మా విద్యార్థి ఆ గుడియొద్ద నలువది నిముషములుండి పరుగెత్తదలచినాడు.

మనవారు ఏ కార్యమునకైనను ముందు సంకల్పము చెప్పుకొందురు. అందు దేశము చెప్పుదురు, కాలము చెప్పుదురు, పిమ్మట ఎవరి మేలు కోరి, ఏ ఫలము కొఱకు చేయుచున్నామో చెప్పుదురు. ఆ కర్మలపై విశ్వాసమున్నను లేకున్నను, ఆ క్రమము తెలివిగలది. నేటి మన యాత్రల కాగితములలో దేశమును కాలమును నిముషములతో సహా యుండును, మూడవది యుండదు. అది ముందు వ్రాసికొన్నచో తక్కిన రెండును వాటంతటవియే తగ్గును.

ఇట్లు వ్రాసి, చివర మా పాత తప్పును కూడ నొప్పుకొని, ఆ పలకల కథను ఇరువది యేండ్ల యాలస్యముతో చెప్పి యుత్తరము పంపితిమి. పది దినములకు బదులు వచ్చినది. భార్య నడిగినాడట. ఆమె కోరినది యొక్కటియే: ఏదేని చిన్న యూరిలో, తలమీది శిరస్త్రాణము తీసివేసి, ఒక దినమంతయు బండి యెక్కకుండ గడపవలెనని. క్రొత్త కాగితములో ఫ్లారెన్సు, రోము, పాంపేయి లేవు. వెనిస్‌లో రెండు రాత్రులు బస, అంకోనాలో నోడ, మెటియోరా కొండల క్రింది యూరిలో ఆమె కోరిన దినము, ఏథెన్సులో మూడు దినములు. "రోము మఱియొకసారి చూతుము, చూడలేకపోయినను రోము రోముగానే యుండును" అని వ్రాసినాడు.

మాకును ఒక పని మిగిలినది. ఈ సంవత్సరము పిల్లలను అమరావతికి తీసికొనిపోవుచున్నాము. అమరావతికి మాత్రమే.