పసివాని నోట పెద్దల మాట

బాలవాక్కు బ్రహ్మవాక్కని మనవారందురు. స్వార్థ మెరుగనివాని నోట వెలువడుటచేతనే ఆ మాటకంత గౌరవము. కాని పెద్దవాడొకడు తన మాటను పసివానికి నేర్పి సభలో పలికించినయెడల అది ఎవరి వాక్కు?

అమెరికాలో 2012 డిసెంబరు 14వ తేదీన న్యూటౌన్‌లోని శాండీహుక్ పాఠశాలలో ఒక తుపాకిధారి 20 మంది పిల్లలను, ఆరుగురు పెద్దలను కాల్చి చంపెను. 2013 జనవరి 16న అధ్యక్షుడు ఒబామా, తనకు జాబులు వ్రాసిన నలుగురు పిల్లలను వేదికపై ఉంచుకొని, ఆయుధ నియంత్రణకు తన ప్రతిపాదనలను ప్రకటించెను. ఎదుటి పక్షమగు నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆ దినములలోనే అధ్యక్షుని కుమార్తెలకు గల సాయుధ రక్షణను ఎత్తిచూపుచు ప్రకటన విడుదల చేసెను. ఇరుపక్షములును పిల్లలనే ముందుంచుకొనినవి. ఏప్రిల్ 17న, తుపాకి కొనువారి పూర్వచరిత్రను విచారింపవలెనను ప్రతిపాదనకు సెనేటులో 54 వోట్లు వచ్చియు, వలసిన 60 రానందున అది వీగిపోయెను.

కురుక్షేత్రమున శిఖండిని ముందుంచుకొని అర్జునుడు భీష్ముని కొట్టెను. భీష్ముడు విల్లు దించుటకు కారణము అర్జునుని బలము కాదు, ఎదుట నిలిచిన వ్యక్తి. పసివానిని ముందు నిలిపిన వాదమును ఎవడును ఖండింపజాలడు, ఖండించినవాడు కఠినుడనిపించుకొనును. అట్లు గెలిచిన వాదము సత్యమే కావచ్చును, కాని పరీక్షకు నిలిచినది మాత్రము కాదు.

అట్లని పిల్లలు నోరు మెదపరాదని మేమనము. మన కొమరోలు, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతమున త్రాగునీటిలోని ఫ్లోరైడు చిరకాలపు బాధ. ఒక బాలిక నిలిచి, "మేము త్రాగు నీరిది, నా పండ్లు చూడుడు" అనినచో అది సాక్ష్యము. దానిని వినని పెద్దలది పాపము. ఆ బాలికచేతనే "ఈ నాయకునికే వోటు వేయుడు" అనిపించినచో అది అద్దెకు తెచ్చిన గొంతు. బాధ యున్నదని పసివాడు చెప్పగలడు. దానికి మందేదో, ఆ మందు ఖరీదెంతయో తర్కించి నిర్ణయించు భారము పెద్దలది. ఆ భారమును పసిభుజముల కెత్తుట న్యాయము కాదు.

దుర్గాబాయమ్మ బాల్యముననే దేశకార్యమున దిగలేదా యని కొందరడుగవచ్చును. దిగెను. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున, పదునాలుగేండ్ల స్వచ్ఛంద సేవికగా, చీటి లేదని నెహ్రూగారినే ఖద్దరు ప్రదర్శనశాల వాకిట నిలిపివేసెను. నాయకుని కడ్డు చెప్పగల బాలికది సొంత గొంతు. నాయకుడు వ్రాసి యిచ్చినది మాత్రమే పలుకు బాలునిది అట్టిది కాదు. భేదమంతయు ఇందే యున్నది.

2024 ఫిబ్రవరి 5న భారత ఎన్నికల సంఘము ప్రచారమున పిల్లలను ఏ విధముగను వినియోగింపరాదని పార్టీలను ఆజ్ఞాపించెను. ఎత్తుకొని తిప్పుట, వాహనములలో త్రిప్పుట, వారిచేత పాటలు, నినాదములు పలికించుట అన్నియు నిషిద్ధములే. తలిదండ్రుల వెంట నాయకుని దరి నుండుట మాత్రము దోషము కాదనెను. మంచిదే. కాని శాసనము ఎన్నికల వీధివరకే పోగలదు; ఇంటిలోనికి రాజాలదు. జెండా పట్టించి బిడ్డను ఊరేగింపునకు పంపునది మన గృహములే.

కావున తల్లిదండ్రులు తమలో తామొక ప్రశ్న వేసికొందురు గాక: ఈ బిడ్డ అదే వేదికపై "నాకట్లు తోచుట లేదు" అనినచో, తెచ్చినవారు చప్పట్లు కొట్టుదురా, క్రిందికి దింపుదురా? దింపుదురనినచో ఆ బిడ్డను ఇంటనే యుంచుట మేలు.